అంచె తపాలాలో చదరంగము

మన నిత్యవ్యవహారములోని మాటలు కొన్ని చదరంగపు పలకమీదినుండి దిగివచ్చినవి. ఒకరి యుక్తిని మరియొకరు మించినప్పుడు 'ఎత్తుకు పైయెత్తు' అందుము. ఎవని పన్నాగమైనను సాగక నిలిచిపోయినప్పుడు 'వాని ఆట కట్టినది' అందుము. పని యేదైనను ఆరంభించు నేర్పును 'ఎత్తుగడ' అందుము. పద్యమునకు ఎత్తుగడ కలదు, వ్యాజ్యమునకు ఎత్తుగడ కలదు, చదరంగమునకును ఎత్తుగడ కలదు. ఆ మూడవ ఎత్తుగడను గూర్చియే నేటి మా ప్రసంగము. దాదాపు రెండు వందల సంవత్సరముల క్రిందట చెన్నపట్టణమునకును హైదరాబాదునకును నడుమ ఉత్తరములమీద జరిగిన ఒక చదరంగపు పందెమును, ఆ పందెమువలన వెలసిన ఒక పుస్తకమును, ఆ పుస్తకమువలన లోకమున నిలిచిన ఒక పేరును శ్రోతలకు పరిచయము చేయదలచితిమి.

మొదట ఇంటి ఆట సంగతి చెప్పుకొందము. తెనాలిలో గాని, బాపట్లలో గాని, రేపల్లెలో గాని తాతయ్యయు మనుమడును చదరంగమునకు కూర్చున్నచో మొదటి ఎత్తుకే తగవు వచ్చుట కలదు. మనుమడు పోటీలలో నేర్చిన విధమున రాజు ముందరి బంటును రెండు గళ్ళు నడుపును. 'బంటు ఒక్క గడియేరా నడచును!' అని తాతయ్య అడ్డుపడును. 'మొదటిసారి రెండు గళ్ళు పోవచ్చును తాతయ్యా' అని మనుమడు వాదించును. ఇద్దరిలో ఎవరిదియు తప్పు కాదు. తాతయ్యది మన దేశపు పాత పద్ధతి. మనుమనిది ఐరోపాలో మార్పు చెంది, నేడు లోకమంతట పోటీలలో చెల్లుబడియగుచున్న పద్ధతి.

మన పాత పద్ధతిలో బంటు మొదటి ఎత్తునందును ఒక్క గడియే నడచును. రాజును ఏనుగును ఒకే ఎత్తులో కదలించి కోట కట్టుట అందు లేదు. దానికి బదులుగా, రాజు తనకు షా రాకమునుపు ఒక్కమారు గుఱ్ఱపు నడక నడువవచ్చును. చివరి వరుస చేరిన బంటు, ఆ గడి మొదట ఏ పావుదో ఆ పావే యగునని పెక్కు చోట్ల నియమము. కొన్ని చోట్ల ఇరువురు ఆటగాండ్రును ఆరంభమున నాలుగేసి ఎత్తులు ఒక్కసారిగా వేసికొని, తమ తమ సేనలను తీర్చికొని, ఆ పిమ్మటనే ఒక్కొక్క ఎత్తుగా ఆట సాగించెడివారు. అనగా మన పాత ఆటలో ఎత్తుగడ నిదానమైనది. సేనలు చాలసేపు తమ హద్దులలోనే సర్దుకొని, ఆ తరువాత తలపడును. బంటు రెండు గళ్ళు దుమికెడి ఐరోపా ఆటలో రెండవ మూడవ ఎత్తుకే కత్తి కత్తి తాకును. ఈ భేదమును శ్రోతలు గుర్తుంచుకొనవలెను. మా కథకు ఇదియే మూలము.

తెలుగువారి చదరంగమునకు ప్రాచీనమైన కీర్తి లేకపోలేదు. శ్రీకృష్ణదేవరాయల కాలమున, అనగా 1509 మొదలు 1529 వరకు నడచిన ఆ పాలనలో, బొడ్డుచర్ల తిమ్మన అను నాతడు చదరంగమున మేటియని ప్రసిద్ధి. రాయల పక్షమున నూరుగురు ఒక్కటైనను తిమ్మనయే గెలుచునని ఒక చాటుపద్యము ఆయనను పొగడుచున్నది. ఈ నేర్పునకు మెచ్చి రాయలు ఆయనకు కొప్పోలు గ్రామమును అగ్రహారముగా నిచ్చెనని చెప్పుదురు. ఇక తెనాలి పేరు తలచినంతనే రామకృష్ణుని చదరంగపు కథ జ్ఞప్తికి వచ్చును. గిట్టనివారు కొందరు, రామకృష్ణుడు చదరంగమున గొప్ప నేర్పరియని రాయలకు లేనిపోనివి చెప్పిరట. రాయలు బలవంతముగా ఆడించెనట. రామకృష్ణుడు ఓడిపోగా, కావలెననియే ఓడినాడని కోపించి తల గొరిగింప నాజ్ఞాపించెనట. ఆ చిక్కునుండి రామకృష్ణుడు ఎట్లు తప్పించుకొనెనో మన పిల్లలందరికిని తెలియును. ఇది జనము చెప్పుకొను కథయే గాని చరిత్ర కాదు. ఐనను రాజసభలో చదరంగమునకు ఎట్టి గౌరవముండెనో ఈ కథయు సాక్ష్యమిచ్చుచున్నది.

ఇంతటి తిమ్మన ఆడిన ఆటలో ఒక్క ఎత్తైనను మనకు దక్కలేదు. ఆయన ఏ బంటుతో ఆట నారంభించెడివాడు? రాయలు దానికి ఏమి బదులు చెప్పెడివారు? ఏ ఎత్తున ఆట కట్టినది? చాటువు నిలిచినది గాని ఆట నిలువలేదు. ఆ కాలపు మంత్రి నేటి మంత్రి వలె పలకనంతయు ఏలు శక్తి కలవాడును కాడు. ఐరోపాలో మంత్రికి ఆ బలము వచ్చినది పదునైదవ శతాబ్ది తుదిభాగమున. అది తూర్పునకు వ్యాపించుటకు కాలము పట్టినది. కావున తిమ్మన నడిపిన మంత్రి ఐమూలగా ఒక్క గడి మాత్రమే కదలువాడై యుండునని ఊహింపవచ్చును. అట్టి ఆటలో రాజును కట్టుట యెంత ఓపికతో కూడిన పనియో ఆడినవారికే తెలియును.

మనవారు చదరంగమును గూర్చి వ్రాయలేదని దీని భావము కాదు. పండ్రెండవ శతాబ్దిలో కల్యాణి చాళుక్య ప్రభువు సోమేశ్వరుడు తన 'మానసోల్లాస'మున ఇతర వినోదములతోపాటు చదరంగమునకును చోటిచ్చెను. తిరువేంగడాచార్య శాస్త్రి సంస్కృతమున రచించిన చదరంగ గ్రంథము 1814లో బొంబాయిలో ఆంగ్లానువాదముగా అచ్చయినది. అది ముఖ్యముగా చిక్కు ఘట్టములను చూపి వాటిని విడదీయు విధము నేర్పు గ్రంథము. ఆట మొదటి ఎత్తునుండి తుదివరకు ఎట్లు సాగినదో వ్రాసియుంచు అలవాటు మాత్రము మన ఇండ్లలో గాని సభలలో గాని పాదుకొనలేదు. అరుగుమీద ఆడిన ఆటను వ్రాయవలసిన అవసరమేమి? ఎదుటివాడు కన్నులార చూచుచునే యున్నాడు గదా!

ఎదుటివాడు కంటికి కనబడని దూరమున నున్నప్పుడు మాత్రము వ్రాయక తప్పదు. 1828లో జరిగినది ఇదియే. ఆ యేట చెన్నపట్టణపు ఆటగాండ్రకును హైదరాబాదు ఆటగాండ్రకును రెండు ఆటల పందెము ఉత్తరములమీద ఆరంభమై 1829 వరకు నడచినది.

ఆనాటి దేశస్థితిని ఒక్కమారు తలచుకొందము. 1788లో గుంటూరు సర్కారు కుంఫిణీవారి వశమైనది మొదలు బాపట్ల, రేపల్లె, తెనాలి ప్రాంతమంతయు చెన్నపట్టణపు ప్రభుత్వము క్రింద నుండెను. హైదరాబాదు నిజాము రాజధాని. రెండు నగరములకును దూరము సుమారు 400 మైళ్ళు. నడుమ తెలుగుదేశము పరచుకొని యున్నది. రైలు లేదు, తంతి లేదు. చెన్నపట్టణమున మొదటి ప్రయాణికుల రైలు నడచినది 1856లో. బాపట్ల, తెనాలి మీదుగా బెజవాడను చెన్నపట్టణముతో కలిపిన రైలు త్రోవ పూర్తియైనది 1899లో. రేపల్లెకు రైలు వచ్చినది 1916లో. 1828లో ఉత్తరము పోవలెనన్న తపాలా బంట్రోతుల కాళ్ళే దిక్కు. ఒక అంచెనుండి మరియొక అంచెకు, ఒకని భుజమునుండి మరియొకని భుజమునకు సంచి మారుచు పోవలెను. పలకమీది బంటు ఒక్క గడి నడచుటకై దారిలో ఎందరు బంట్రోతులు ఎన్ని కోసులు నడువవలసి యుండెనో!

తపాలా ఆటలో కొన్ని విశేషములు కలవు. ఒక పక్షమువారు తమ ఎత్తును కాగితముమీద వ్రాసి పంపుదురు. అది చేరిన పిదప ఎదుటి పక్షమువారు నలుగురు కూర్చుండి ఆలోచించి తమ ఎత్తును వ్రాసి పంపుదురు. ఒక్కొక్క పక్షము ముప్పదేసి ఎత్తులు వేసినదనుకొన్నను అరువది మారులు ఉత్తరము అటునిటు పోవలెను. అరుగుమీది ఆటలో వలె 'ఆగండి, ఆగండి, అది కాదు' అని పావును వెనుకకు తీసికొనుటకు వీలులేదు. సంచిలో పడిన ఎత్తు వేసిన ఎత్తే. ఆలోచనకు గంటలు కాదు, దినములు చిక్కును. కావున తొందరపాటువలని పొరపాట్లు తక్కువ. ఆట లోతు ఎక్కువ. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు: ఆట ముగియునప్పటికి ఎత్తులన్నియు ఉత్తరములలో వ్రాయబడియే యుండును. ఎవరును ప్రత్యేకముగా శ్రమపడ నక్కరలేకయే ఆటకు లిఖితము ఏర్పడును. తిమ్మన ఆటకు దక్కని భాగ్యము ఈ ఆటకు దక్కినది తపాలావలన.

ఇట్టి పందెములు ఆ రోజులలో ఇతర దేశములందును జరుగుచుండెను. 1824 మొదలు 1828 వరకు లండను, ఎడిన్‌బరో నగరముల నడుమ తపాలా చదరంగము జరిగి, ఎడిన్‌బరో గెలిచినది. అందు స్కాట్లండువారు ఆడిన ఎత్తుగడకు 'స్కాచ్ ఆట' అను పేరు స్థిరపడినది. అక్కడ పందెమువలన ఒక దేశము పేరు ఎత్తుగడకు వచ్చినది. ఇక్కడ చెన్నపట్టణవాసి యొకని పేరు వచ్చినది. ఆయన గులాం కాసిం.

1829లో చెన్నపట్టణమున ఒక ఆంగ్లపుస్తకము అచ్చయినది. మూజియో గాంబిట్ అను ఎత్తుగడయొక్క పరిశీలనమును, చెన్నపట్టణ హైదరాబాదుల రెండు ఆటలును అందు గలవు. వ్యాఖ్యానము వ్రాసినవారు ఇద్దరు. ఒకరు గులాం కాసిం, రెండవవారు చెన్నపట్టణపు సివిల్ సర్వీసు ఉద్యోగి జేమ్సు కాక్రేను. ముఖపత్రముపై గులాం కాసిం పేరు ముందున్నది. చెన్నపట్టణపు ఆటలను ప్రధానముగా నడిపించినవాడు ఆయనయే యని కూడ ఆ ముఖపత్రమే చాటుచున్నది. కుంఫిణీవారి ప్రభుత్వము నడచుచుండిన కాలమది. దొరగారి పేరు వెనుకను, ఈ దేశస్థుని పేరు ముందును అచ్చువేయుట ఆ రోజులలో సామాన్యమైన విషయము కాదు. పలకముందు కూర్చున్నప్పుడు ఉద్యోగపు హోదా పనికిరాదని ఆ చిన్న పుస్తకము ఒప్పుకొన్నది. ఆ యేటనే, ఆ నగరముననే, ఆ సివిల్ సర్వీసునకే చెందిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చువేయించెను. ఒకే సంవత్సరమున చెన్నపట్టణపు అచ్చుయంత్రము జనుల నాలుకమీది పద్యమును కాగితమునకెక్కించినది, ఆటగాని వ్రేళ్ళలోని ఎత్తునుకూడ కాగితమునకెక్కించినది.

ఆ ఎత్తుగడ యెట్టిదో ఇప్పుడు వివరింతుము. ఇంట పలక యున్నవారు ముందు పెట్టుకొని వినవచ్చును. ఇందు ఏనుగనగా మూలనుండి తిన్నగా నడచునది, శకటనగా ఐమూలగా నడచునది.

తెలుపు తన రాజు ముందరి బంటును రెండు గళ్ళు నడుపును. నలుపును అట్లే చేయును. రెండవ ఎత్తున తెలుపు, రాజు ప్రక్క శకటు ముందరి బంటును రెండు గళ్ళు తోసి ఎరగా చూపును. నలుపు దానిని చంపును. ఈ ఎర వేయుటనే ఐరోపావారు గాంబిట్ అందురు. కాలు అడ్డుపెట్టి పడద్రోయుట యని ఇటలీ భాషలో ఆ మాటకు మూలార్థము. మూడవ ఎత్తున తెలుపు రాజుప్రక్క గుఱ్ఱమును ముందునకు తెచ్చును. నలుపు తనకు చిక్కిన బంటును కాపాడుకొనుటకై ఆ వైపు గుఱ్ఱము ముందరి బంటును రెండు గళ్ళు నడిపి తోడు నిలుపును. నాలుగవ ఎత్తున తెల్లశకటు నాలుగవ వరుసకు వచ్చి నల్లరాజు ప్రక్కనున్న బలహీనమైన బంటువైపు గురిపెట్టును. నలుపు తన గుఱ్ఱపు బంటును మరియొక గడి తోసి తెల్లగుఱ్ఱముమీదికి పంపును. గుఱ్ఱము తప్పుకొనవలెను, లేదా చావవలెను.

లోకసామాన్యముగా ఎవరైనను గుఱ్ఱమును తప్పింతురు. మూజియో ఎత్తుగడలో తెలుపు అట్లు చేయక, గుఱ్ఱమును చావుకు వదలి కోట కట్టును. దానివలన ఏనుగు ఎదుటి రాజుపైకి పోవు త్రోవకు వచ్చి నిలుచును. పదునారవ శతాబ్ది తుదిభాగముననే పొలేరియో అను ఇటలీ ఆటగాడు దీనిని పరిశీలించియున్నాడు. గులాం కాసిం పేరుతో ప్రసిద్ధమైన ఐదవ ఎత్తు వేరు. గుఱ్ఱమును వదలుట అట్లే వదలును. కాని కోట కట్టక, మంత్రి ముందరి బంటును రెండు గళ్ళు ముందునకు నడుపును. ఆ ఒక్క ఎత్తుతో పలక నడుమ రెండు తెల్ల బంట్లు ప్రక్కప్రక్కన నిలుచును. రెండవ శకటునకు త్రోవ తెరచుకొని, నలుపు మొదట చంపి నిలిపిన బంటుమీద దాని చూపు పడును. నలుపు గుఱ్ఱమును చంపినచో తెల్లమంత్రి ఆ చంపిన బంటును చంపి ముందునకు వచ్చును. గుఱ్ఱము పోయినది నిజమే. కాని నలుపు సేనలో బంట్లు తప్ప కదలిన పావు ఒక్కటియు లేదు, తెలుపు సేన సగము యుద్ధభూమిలో నున్నది. లెక్కకు నష్టము, కాలమునకు లాభము. ఆ లాభము చల్లారకమునుపే ఆట కట్టవలెను. ఆలస్యమైనచో పోయిన గుఱ్ఱము పోయినట్లే.

ఇందు మాకు తోచిన ఒక విషయమును మనవి చేయుదుము. గులాం కాసిం పుట్టి పెరిగిన దేశపు ఆటలో కోట కట్టుట లేదు, బంటు రెండు గళ్ళు దుముకుట లేదు. ఐరోపావారు ఆ ఘట్టమున సహజముగా కోటవైపు చూచిరి. కోటను గూర్చిన అలవాటు చిన్ననాటినుండి లేనివాడు పలక నడుమకు చూచుట వింత కాదు. అదే సమయమున, తన ఆటలో లేని రెండు గళ్ళ బంటు నడకను ఆయన అత్యంత సాహసముతో వాడుకొనెను. ఇది మా ఊహ మాత్రమే. ఐనను పరదేశపు నియమమును నేర్చికొన్నవాడు దానిని అప్పగించినట్లు గాక తన కంటితో చూచినప్పుడే క్రొత్త సంగతి పుట్టునని మాత్రము చెప్పవచ్చును.

ఈ మాటకు బలమిచ్చు మరియొక ఉదాహరణము వంగదేశమున కలదు. తరువాతి తరమున కలకత్తాలో మహేశచంద్ర బెనర్జీ అను ఆటగాడు జాన్ కాక్రేను అను న్యాయవాదితో అనేకమైన ఆటలాడెను. ఈ జాన్ కాక్రేను మన జేమ్సు కాక్రేను కాడు, వేరొకడు. మహేశచంద్రుడు పాత అలవాటు చొప్పున బంట్లను ఒక్కొక్క గడియే నడుపుచు, శకటును ప్రక్కనుండి పలక పొడవున గురిపెట్టి నిలిపెడివాడు. ఐరోపావారికి అది వింతగా తోచినది. కాలక్రమమున అట్టి ఎత్తుగడలకే 'ఇండియన్ డిఫెన్సు'లను పేరు స్థిరపడినది. 1855లో ఆయన ఆడిన ఒక ఆటలోని ఎత్తుగడ, 1922లో ఆస్ట్రియా దేశపు గ్రూన్‌ఫెల్డు చేపట్టిన పిమ్మట అతని పేరిట ప్రసిద్ధమైనది. వంగదేశీయుడు పాత నిదానమును క్రొత్త ఆటలోనికి తెచ్చెను, చెన్నపట్టణవాసి క్రొత్త ఆటలోని వేగమును అందరికంటె మిన్నగా పట్టుకొనెను. త్రోవలు వేరైనను రెండును లోకపు చదరంగ గ్రంథములలోనికి చేరినవి. కాని ఒకని ఎత్తుగడకు అన్యుని పేరు కలిగినది, మరియొకనికి తన పేరు తనకే దక్కినది. తన పరిశీలనమును తానే అచ్చువేయించుటయే ఇందుకు తోడ్పడినదని మేము తలంతుము.

గులాం కాసిం 1844లో కాలధర్మము నొందెను. ఆయన ఎత్తుగడ నేటి అగ్రశ్రేణి పోటీలలో అరుదు. గుఱ్ఱమును వదలుకొను సాహసమునకు నిదానమైన జవాబులు కాలక్రమమున తేలినవి. ఐనను ఎత్తుగడల పట్టికలలో 'గులాం కాసిం గాంబిట్' అను పేరు చెక్కుచెదరక యున్నది. పందెములో గెలుపోటములు ఆ యేటితో ముగిసినవి. పేరు మిగిలినది.

ఇక మన కాలమునకు వత్తము. గుంటూరున 1986లో జన్మించిన పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టరై, 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ విజేత యయ్యెను. గుంటూరుననే 1991లో జన్మించిన ద్రోణవల్లి హారిక 2011లో గ్రాండ్‌మాస్టరయ్యెను. గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2002లో పదునైదేండ్ల ప్రాయమున ఆ బిరుదు నంది, 2019లోను 2024లోను ప్రపంచ రాపిడ్ చదరంగమున విజేత్రి యయ్యెను. 2024లో బుడాపెస్టు ఒలింపియాడున భారతదేశపు పురుషుల జట్టును మహిళల జట్టును స్వర్ణపతకములు గెలిచినప్పుడు, ఒక జట్టులో హరికృష్ణయు, ఓరుగల్లుకు చెందిన అర్జున్ ఎరిగైసియు, మరియొక జట్టులో హారికయు నుండిరి. వీరు పెద్ద పోటీలలో వేసిన ఎత్తులు నేడు లిఖితములై యున్నవి. దీర్ఘకాలపు పోటీలలో తన ఎత్తును, ఎదుటివాని ఎత్తును కాగితముపై వ్రాసికొనుట ఆటగాని విధి. ఐదు వందల ఏండ్ల పిదపనైనను హారిక ఏ బంటుతో ఆట నారంభించెనో తెలిసికొనవచ్చును. తిమ్మనను గూర్చి మనమట్లు తెలిసికొనజాలము.

కాబట్టి తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములందలి శ్రోతలకు మా మనవి ఒకటి కలదు. పోటీలకు పోవు పిల్లల ఎత్తులు కాగితముపై నుండనే యున్నవి, వాటికి భయము లేదు. భయమంతయు ఇంటి ఆటను గూర్చియే. రాజు ఒక్కమారు గుఱ్ఱపు నడక నడచుట, బంటు ఒక్క గడియే కదలుట, చివరి వరుస చేరిన బంటు ఏ పావు కావలెనను నియమము, పావులకు మీ యింట వాడుకలోనున్న పేర్లు, ఆట కట్టునప్పుడు పెద్దలు పలుకు మాటలు, ఇవి యే పుస్తకమునందును పూర్తిగా లేవు. ఊరూరికిని వీటిలో భేదము కలదు. ఆడెడి పెద్దలు ఒక్కొక్కరే తరలిపోవుచున్నారు. ఈ ఆదివారము పలక పరచినప్పుడు ప్రక్కన ఒక పుస్తకమును కలమును పెట్టుకొనుడు. మీ యింటి నియమములను ఒక్కొక్కటిగా అడిగి, ఆడించి, వ్రాయుడు. చెప్పినవారి పేరును ఊరును పైన వ్రాయుట మరువకుడు. 1829నాటి ఆ పుస్తకమునందువలె ఆట తెలిసినవారి పేరే ముందుండవలెను.